మన కొబ్బరితోట కింద గ్యాస్ ఉంటే రాయల్టీ ఎవరికి?

మీరు అడిగింది ఇదీ: కోనసీమలో రాజోలు పక్కన మీకు రెండెకరాల ముప్ఫై సెంట్ల కొబ్బరితోట ఉంది. పక్క ఊళ్లో గ్యాస్ బావి పడింది. దాని పైపులైను మీ తోటలోంచే వెళ్తుందని సర్వే వాళ్లొచ్చి కర్రలు పాతి, ఓ కాగితం చేతిలో పెట్టి వెళ్లారు. టెక్సాస్‌లో ఉన్న మీ బావమరిదేమో "ఇక్కడైతే భూమి ఉన్నవాడికి నెలనెలా రాయల్టీ చెక్కొస్తుంది, మీరెందుకు అడగరు?" అన్నాడు. రాయల్టీ మీకు వస్తుందా, రాకపోతే ఎవరికి ఎంత పోతుంది, ఆ కాగితం మీద సంతకం పెట్టాలా వద్దా అన్నవి మీ ప్రశ్నలు.

రాయల్టీ మీకు రాదండీ. ఒక్క రూపాయి కూడా రాదు. భూమ్మీద తీసిన గ్యాస్‌కైతే రాష్ట్ర ప్రభుత్వానికి వెళ్తుంది, సముద్రంలో తీసిందానికైతే కేంద్రానికి. మీకు రావాల్సింది నష్టపరిహారం. దాని చట్టం వేరు, లెక్క వేరు. రాయల్టీ కోసం కలెక్టరేట్ చుట్టూ తిరిగే ఓపిక ఏదన్నా ఉంటే దాన్ని పరిహారం మీద పెట్టండి.

నేను రెవెన్యూలో 27 ఏళ్లు చేశాను. అందులో తొమ్మిదేళ్లు భూసేకరణ విభాగంలోనే. రిటైరయ్యాక రైతుల అర్జీలు రాసిపెడుతున్నాను. కాబట్టి ఇక్కడ రాసేదాంట్లో సగం చట్టం, సగం తోట గట్ల మీద నిలబడి చూసింది.

ముందు మీ బావమరిది మాట. ఆయన చెప్పింది అబద్ధం కాదు. అమెరికాలో భూమి కింద ఉన్న చమురు, గ్యాస్ ప్రైవేటు మనిషి ఆస్తి కావచ్చు. కంపెనీ వచ్చి ఆ మనిషితోనే లీజు రాసుకుంటుంది, అమ్మిన సొమ్ములో ఎనిమిదో వంతో, నాలుగో వంతో ఇస్తుంది. అయితే అక్కడ కూడా పైభూమి ఒకరిది, కింద ఖనిజం ఇంకొకరిది అయిన చోట్లు బోలెడు. ఆయన ఇంటి దస్తావేజు ఓసారి తీసి చూసుకోమనండి, కింద హక్కు ఎప్పుడో పాత యజమాని అట్టేపెట్టుకుని ఉండొచ్చు.

మన దగ్గర కథ వేరు. మీ పట్టాదారు పాస్‌పుస్తకం పైభూమికి హక్కు పత్రం. గోదావరి డెల్టాలో చాలా ఊళ్లు ఒకప్పుడు జమీందారీల కింద ఉన్నవే. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో ఆ ఎస్టేట్లు ప్రభుత్వానికి దఖలు పడినప్పుడు గనులు, ఖనిజాలు కూడా వాటితోపాటే పోయాయి. ఎస్టేటు గ్రామం కాకపోయినా, చమురు, గ్యాస్ తియ్యాలంటే 1948 నాటి ఆయిల్‌ఫీల్డ్స్ చట్టం కింద లీజు ఉండాల్సిందే. నేల మీద ఆ లీజు ఇచ్చేది కేంద్రం ముందస్తు అనుమతితో రాష్ట్ర ప్రభుత్వం. అందులో మీ సంతకానికి చోటే లేదు.

ఇక్కడ ఎవరో ఒకరు 2013 నాటి సుప్రీంకోర్టు తీర్పు తెస్తారు. భూమి ఎవరిదైతే కింద ఖనిజం కూడా వారిదే, చట్టం ప్రకారం లాక్కుంటే తప్ప, అని చెప్పిన థ్రెసియమ్మ జేకబ్ కేసు. నిజమే, ఆ తీర్పు ఉంది. అది కేరళ మలబారులో జన్మం అనే పూర్తి యాజమాన్య హక్కు ఉన్న భూముల గురించి వచ్చింది. దాన్ని పట్టుకుని మన వైపు గ్యాస్ రాయల్టీకి నోటీసులిచ్చిన ఇద్దరు రైతులు నాకు తెలుసు. వకీలు ఫీజు పోయింది తప్ప చెక్కు రాలేదు.

ఇంతకీ రాయల్టీ అంటే ఏమిటి? చాలామంది దాన్ని పన్ను అనుకుంటారు. నేనూ అనుకున్నాను, డిపార్టుమెంటులో చేరిన కొత్తలో. 1989లో ఇండియా సిమెంట్స్ కేసులో సుప్రీంకోర్టు కూడా పన్నే అంది. 2024 జులై 25న తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం 8:1 మెజారిటీతో ఆ మాట తీసేసింది. ఖనిజం ఉన్న యజమానికి, తవ్వుకునేవాడు లీజు ఒప్పందం ప్రకారం కట్టే ప్రతిఫలం రాయల్టీ, అది పన్ను కాదు అంది. మన భాషలో చెప్పాలంటే మక్తా (కౌలు సొమ్ము) లాంటిది. కొబ్బరితోట మక్తాకిస్తే ఎవడు దింపు తీసినా యజమానికి మక్తా వస్తుంది కదా. ఇక్కడ యజమాని ప్రభుత్వం. అంతే తేడా. ఆ తేడానే మొత్తం కథ.

ఇక ఎంత అన్నది. ప్రపంచంలో రాయల్టీ వేసే పద్ధతులు ముఖ్యంగా మూడు. టన్నుకింత అని. అమ్మకం ధరలో ఇంత శాతం అని. ఖర్చులు పోగా మిగిలిన లాభంలో ఇంత అని. టన్ను లెక్క అందరికీ అర్థమవుతుంది, కాటా చీటీ ఉంటే చాలు. మన దగ్గర సున్నపురాయికి టన్నుకి 80 రూపాయలని ఉన్నది ఆ రకం. ధర పెరిగితే మాత్రం ప్రభుత్వం చేతులు నలుపుకుంటూ కూర్చోవాలి. శాతం లెక్కలో ధర పెరిగితే రాయల్టీ పెరుగుతుంది, ఇనప ఖనిజానికి 15 శాతం అలా వేసిందే. అయితే ధర ఎంత అన్నదాని మీదే కొట్లాట మొదలవుతుంది. లాభం లెక్క చూడ్డానికి న్యాయంగా ఉంటుంది కానీ ఖర్చుల పుస్తకం రాసేది కంపెనీ. కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్‌లో సముద్రపు బ్లాకుల విషయంలో ఖర్చులు ముందు రాబట్టుకుని తర్వాత లాభం పంచుకునే ఒప్పందాల మీద ఎన్నేళ్లు తగువులు నడిచాయో పేపర్లో చదివే ఉంటారు. అందుకే 2016లో తెచ్చిన కొత్త విధానంలో ఖర్చుల గోల తీసేసి, వచ్చిన రాబడిలోనే వాటా అన్నారు. రాయల్టీ దానికి అదనం.

చమురు, గ్యాస్‌కి మనం పట్టుకున్నది శాతం పద్ధతి. నేల మీద గ్యాస్‌కి 10 శాతం. ముడి చమురుకి, ఓఎన్జీసీకి ప్రభుత్వం నేరుగా అప్పగించిన పాత క్షేత్రాల్లో 20 శాతం, వేలంలో ఇచ్చిన బ్లాకుల్లో పన్నెండున్నర. అయితే ఈ శాతం మీ వీధిలో గ్యాస్ కొనే ధర మీద కాదు, బావి మూతి దగ్గర ధర మీద. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, లెక్కంతా ఇక్కడే తిరుగుతుంది.

ఉదాహరణకి, గ్యాస్ 100 రూపాయలకి అమ్మారనుకోండి. బావి దాటాక దాన్ని ఆరబెట్టడానికి, ఒత్తిడి పెంచడానికి, పైపులో పంపడానికి 12 రూపాయలైందని చూపించారు. అవి తీసేస్తే బావి దగ్గర ధర 88. దాంట్లో పదో వంతు, 8 రూపాయల 80 పైసలు రాయల్టీ. ఖర్చు 20 అని రాస్తే రాయల్టీ 8 రూపాయలకి దిగుతుంది. గ్యాస్ అదే, బావి అదే, మారింది పుస్తకంలో అంకె ఒక్కటే. అందుకే రాయల్టీ ఆడిట్ చేసేవాడు మీటరు కంటే ముందు ఖర్చుల పట్టీ అడుగుతాడు.

ధర మీద కొట్లాట అన్నాను కదా, దానికి పెద్ద ఉదాహరణ ఒకటి. పెట్రోలు, డీజిలు, గ్యాస్ బండ తక్కువ ధరకి అమ్మించిన రోజుల్లో, ఆ భారంలో వాటాగా ఓఎన్జీసీ తన ముడి చమురుని రిఫైనరీలకి డిస్కౌంటుకి ఇవ్వాల్సొచ్చేది. మరి రాయల్టీ అసలు ధర మీదా, డిస్కౌంటు పోను వచ్చిన ధర మీదా? తగ్గిన ధర మీద కడితే నష్టం రాష్ట్రాలకి. గుజరాత్ కోర్టుకెక్కింది. 2013లో అక్కడి హైకోర్టు రాష్ట్రం వైపు తీర్పిచ్చింది. 2014లో సుప్రీంకోర్టు, తుది తీర్పుకి లోబడి, ఆ ఫిబ్రవరి నుంచి డిస్కౌంటు తీయకముందు ధర మీదే కట్టమంది. ఢిల్లీలో సబ్సిడీ నిర్ణయం తీసుకుంటే రాష్ట్ర ఖజానాలో రాయల్టీ తగ్గడమేమిటని నాకప్పట్లో ఆశ్చర్యమేసింది.

ఇంకో చిన్న సంగతి. తాటిపాక, మోరి వైపు రాత్రిపూట వెళ్తే గొట్టం చివర మంట కనిపిస్తుంది కదా. దాన్ని చూసినప్పుడల్లా జనం "అదుగో, మన రాయల్టీ తగలబడిపోతోంది" అంటారు. చట్టంలో చూస్తే, తప్పనిసరై నష్టపోయిన గ్యాస్‌కి, బావి పనులకే వాడుకున్నదానికి, తిరిగి భూమిలోకి పంపిందానికి రాయల్టీ లేదు. మంటలో పోయింది "తప్పనిసరి" కిందికి వస్తుందా రాదా అన్నది ఇంజినీర్ల సాక్ష్యం మీద తేలాల్సిన విషయం.

ఇప్పుడు సముద్రం. మన జనానికి అన్నిటికంటే ఎక్కువ అపోహ ఉన్నది ఇక్కడే. ఎస్.యానాంలో రవ్వ సముద్ర క్షేత్రం టెర్మినల్ (చమురు, గ్యాస్ ఒడ్డుకు చేరే చోటు) ఉంది, గాడిమొగలో కేజీ డీ6 టెర్మినల్ ఉంది, ఓడలరేవులో ఓఎన్జీసీది ఉంది. కళ్లెదురుగా ఇంత ఉంటే రాష్ట్రానికి కోట్లు వస్తున్నాయనుకుంటాం. రావు. గ్యాస్ ఒడ్డుకొచ్చింది మన ఊళ్లోనే, తీసింది మాత్రం సముద్రం అడుగున. రాజ్యాంగం 297వ అధికరణం ప్రకారం సముద్రం కింద ఖనిజాలన్నీ కేంద్రానివి. కాబట్టి ఆ రాయల్టీ పూర్తిగా కేంద్రానికి. రేట్లు కూడా తక్కువే: 2016 విధానంలో లోతు తక్కువ సముద్రంలో ఏడున్నర శాతం, లోతు సముద్రంలో మొదటి ఏడేళ్లు అసలేమీ లేదు, తర్వాత 5, మరీ లోతైతే 2. అంతకు ముందు ఇచ్చిన లోతు సముద్రపు బ్లాకులకి మొదటి ఏడేళ్లు 5, తర్వాత 10. ఎక్కువ లోతులో ఎక్కువ ఖర్చు, ఎక్కువ రిస్కు అని ఆ రాయితీ.

"కేంద్రానికి వస్తే మాత్రం మనకి వాటా రాదా, పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకి పంచుతారుగా?" అని ఓ లెక్చరరు గారు నన్నడిగారు. మంచి ప్రశ్న. ఆ పంపకం పన్నులకే. రాయల్టీ పన్ను కాదని పైన చెప్పుకున్నాం, కాబట్టి అది ఆ కుండలో పడదు. ముడి చమురు మీద కేంద్రం వేసే సెస్సు కూడా పడదు, సెస్సుల్ని రాజ్యాంగమే పంపకంలోంచి తప్పించింది. అంటే సముద్రంలో గ్యాస్ మీద రాష్ట్రానికి రాయల్టీ దారిలో వచ్చేది సున్నా. రాష్ట్రానికి వాటా ఇవ్వాలని ఎన్నిసార్లు అడిగినా రాజ్యాంగం మారితే తప్ప అది దయతో ఇచ్చేదే అవుతుంది, హక్కుగా వచ్చేది కాదు.

సరే, నేల మీద గ్యాస్ రాయల్టీ రాష్ట్రానికి వస్తుంది, అందులో మీ ఊరికి ఎంత? ఇక్కడ నాకు నిజంగా కోపం వస్తుంది. బొగ్గు, ఇనుము, సున్నపురాయి తవ్వే జిల్లాల్లో 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి ఉంది. రాయల్టీ మీద ఇంకో 10 నుంచి 30 శాతం లీజుదారు దానికి కట్టాలి, ఆ డబ్బు గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్లకే ఖర్చుపెట్టాలి. అది గనుల చట్టం కింద వచ్చిన నిధి. ఆ చట్టమేమో చమురు, గ్యాస్‌ని ఖనిజం అన్న నిర్వచనంలోంచే తీసేసింది. దాంతో రాయి తవ్వే ఊరికి ఉన్న హక్కు గ్యాస్ తీసే ఊరికి లేకుండా పోయింది. మీ ఊళ్లో స్కూలు గదికో, మంచినీళ్ల ట్యాంకుకో కంపెనీ పేరుంటే అది సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) సొమ్ము, లాభాల్లో 2 శాతం ఖర్చు పెట్టాలన్న కంపెనీల చట్టం కింద. ఏ ఊళ్లో పెట్టాలో తేల్చేది కంపెనీయే. అలాస్కాలో చమురు రాయల్టీలో కనీసం నాలుగో వంతు ఓ శాశ్వత నిధిలో వేస్తున్నారు, 1982 నుంచి ఏటా అక్కడి ప్రతి మనిషికీ చెక్కు పంపుతున్నారు. మీ బావమరిది ఈసారి ఫోన్ చేస్తే టెక్సాస్ సంగతి కాకుండా ఈ సంగతి చెప్పమనండి.

పనిలో పని, ఓ హెచ్చరిక. గ్యాస్ మీద మీకు రాయల్టీ రాదు సరే, మీ చేలో మట్టికి మీరే కట్టాల్సి రావచ్చు. మట్టి, గ్రావెల్, ఇసక చిన్న తరహా ఖనిజాలు, వాటి రేట్లు రాష్ట్రం పెడుతుంది. మన వైపు సీనరేజి అంటారే, అది ఇదే. రోడ్డుకో, ఇంటి పునాదుల మెరకకో వాడే మామూలు మట్టిని 2000 సంవత్సరంలో చిన్న ఖనిజాల జాబితాలో చేర్చారు. చేపల చెరువు తవ్వి, ఆ మట్టి గట్లకే వేసుకుంటే ఓ రకం. ట్రాక్టరుకింత అని లేఅవుట్ వాడికి అమ్మితే ఇంకో రకం. నాకు తెలిసిన భీమవరం వైపు రైతు ఒకాయన "నా మట్టి, నా ఇష్టం" అని పర్మిట్ లేకుండా తోలించాడు. మూడో రోజు పుంత మలుపులో బళ్లు ఆపేశారు. సీనరేజి, దాని మీద జరిమానా, బళ్లు విడిపించుకోడానికి తిరిగిన ఖర్చు కలిపితే మట్టి అమ్మిన డబ్బు చాల్లేదు.

ఇక మీ పైపులైను. ఇది 1962 పైపులైన్ల చట్టం కింద జరిగే పని. ఇందులో మీ భూమి కొనరు, అందులో పైపు వేసి వాడుకునే హక్కు మాత్రమే తీసుకుంటారు. పట్టా మీ పేరు మీదే ఉంటుంది. కానీ పైపు వెళ్లే పట్టీ మేర ఇల్లు కట్టకూడదు, బావి, చెరువు తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. వరి చేనుకైతే పైపు పూడ్చాక మళ్లీ నాట్లు వేసుకుంటారు, పెద్ద బాధ లేదు. కొబ్బరితోటకి అలా కాదు. ఆ పట్టీలో చెట్టు ఇక ఎప్పటికీ ఉండదు. హక్కు తీసుకున్నందుకు చట్టం ఇచ్చేది భూమి మార్కెట్ విలువలో 10 శాతం. చెట్లకి, పంటకి, గట్లకి, బోదెలకి జరిగిన నష్టం దానికి వేరుగా కట్టాలి. కాబట్టి మీ డబ్బంతా చెట్ల లెక్కలో ఉంది.

నా సర్వీసులో కాదు, రిటైరయ్యాక చూసింది చెప్తాను. మలికిపురం వైపు ఓ పెద్దాయన తోట. కంపెనీ తరఫు మనిషి పంచనామాలో (అక్కడికక్కడ చూసి రాసే నష్టం జాబితాలో) కొబ్బరి చెట్లు 38 అని రాశాడు. ఆయనకి తెలుసు, ఆ పట్టీలో 46 ఉన్నాయని. మర్నాడు పాత పంచె చింపి ప్రతి చెట్టుకీ నడుమెత్తున ఓ పేలిక కట్టాడు. మనవడి చేత సున్నంతో ఒకటి, రెండు అని అంకెలు వేయించాడు. పేలిక, అంకె రెండూ కనిపించేలా ఫోటోలు తీయించాడు. తేడా ఎక్కడొచ్చిందంటే, ఇంకా కాపుకి రాని ఎనిమిది మొక్కల్ని "విలువ లేదు" అని వదిలేశారు. నాలుగేళ్లు నీళ్లు పోసి పెంచిన మొక్కకి విలువ లేదట! ఆ ఫోటోలు పెట్టి అర్జీ రాశాం. మళ్లీ పంచనామా చేయించి ఎనిమిదీ ఎక్కించారు. పేలికలు కట్టకపోతే, చెట్లు కొట్టేశాక ఎన్ని ఉండేవో చెప్పేది ఎవరు?

బావికే భూమి లీజుకి ఇచ్చేవాళ్లకి ఇంకో మాట, మీకు ఇప్పుడు కాకపోయినా మీ పక్కవాళ్లకి పనికొస్తుంది. ఎకరాకి ఏడాదికి ఎంత అన్నదాని మీదే అందరూ బేరమాడతారు. తిరిగిచ్చేటప్పుడు నేల ఎలా ఉండాలన్నది ఎవరూ రాయించుకోరు. ఓ కంపెనీ బావి ఎండిపోయిందని లీజు వదిలేసి, పైన మట్టి కప్పి అప్పగించింది. సార్వాకి దున్నుతుంటే నాగలికర్రుకి నల్ల ప్లాస్టిక్ పరదా చుట్టుకుని మూరలకొద్దీ పైకొచ్చింది. డ్రిల్లింగ్ బురద గుంటకి అడుగున పరిచిందది. అదంతా తీయించడానికి ఆ రైతుకి రెండు పంటకాలాలు పట్టింది. ఎంత లోతు వరకు శుభ్రం చేస్తారో, పైమట్టి ఎంత మందాన వేస్తారో కాగితం మీద రాయించుకోండి. కౌలు రైతు ఉంటే పంట నష్టం అతనికి వెళ్లాలి, కౌలు కార్డు ఉందేమో అడగండి.

సంతకం సంగతి. సర్వే వాళ్లు ఇచ్చిన కాగితం ఏమిటో చూడాలి. సర్వేకి వచ్చామన్న నోటీసు అయితే అందిందని సంతకం పెట్టండి, తేదీ వేయండి. దానివల్ల పోయేదేం లేదు. "నష్టం మొత్తం ముట్టింది, ఇక ఏ అభ్యంతరం లేదు" అన్న వాక్యం ఎక్కడన్నా ఉంటే మాత్రం డబ్బు ఖాతాలో పడేదాకా పెట్టొద్దు. గెజిట్‌లో మొదటి నోటిఫికేషన్ వచ్చి జనానికి అందుబాటులో పెట్టిన రోజు నుంచి 21 రోజుల్లో అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వొచ్చు. లైను పూర్తిగా ఆపడం కష్టమే. గట్టు వెంబడి జరపమని అడిగితే మాత్రం కొన్నిసార్లు జరుపుతారు, నేను మూడు చోట్ల చూశాను. పరిహారం తేల్చేది కాంపిటెంట్ అథారిటీ, అంటే ఈ చట్టం కింద నియమించిన అధికారి, ఆ మొత్తం నచ్చకపోతే జిల్లా జడ్జి దగ్గరికి వెళ్లొచ్చు.

మీ అడంగల్, 1బి (పంట, హక్కుల రికార్డులు) ఓసారి చూసుకోండి, అందులో "కొబ్బరి" అని ఉందో ఉత్త "మెరక" (ఎత్తు నేల) అని ఉందో. పాత రికార్డుల్లో చాలా తోటలు ఇంకా మెరక అనే ఉన్నాయి. అలా ఉంటే పంచనామా లోపే వీఆర్వో గారి దగ్గర సరిచేయించుకోండి. పంచనామా జరిగినప్పుడు దాని నకలు అడిగి తీసుకుని, చెట్ల సంఖ్య ఎంత వేశారో నాకు రాయండి.